నూలుకు ముందటి పని

వస్త్రాన్ని గురించి చెప్పేవారు సామాన్యంగా మగ్గం దగ్గర ప్రారంభిస్తారు. ఇంకొంచెం వెనుకకు పోయేవారు రాట్నం దగ్గర ఆగుతారు. రాట్నానికి వెనుక మరొక పని వున్నదనీ, అది సరిగా జరగకపోతే రాట్నమూ మగ్గమూ చేయగలిగినది స్వల్పమనీ తలచేవారు తక్కువ. నేతగాని పేరు శాసనాలలో వున్నది, వడికే స్త్రీ పాటలలో వున్నది. బొచ్చు ఏరేవానికీ, పీచు దంచేవానికీ, దూది ఏకేవానికీ అటువంటి స్థానం దొరకలేదు. వారి శ్రమ పూర్తి ఐన మరుక్షణమే మరొకరి శ్రమలో కలిసిపోతుంది. బట్ట మిగులుతుంది; ఆ బట్టకు ముందు ఒకరు ముళ్ళు ఏరినారన్న సంగతి మిగలదు.

తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల కురుమలు, కురుబలు దక్కనీ జాతి గొర్రెల ఉన్నితో తరతరాలుగా గొంగళ్ళు నేస్తూ వచ్చినారు. ఆ పని క్రమాన్ని గమనిస్తే ఈ విషయం స్పష్టమౌతుంది. సంవత్సరానికి సాధారణంగా రెండుమార్లు గొర్రెకు కత్తెర వేస్తారు. అంతకు ముందు మందను చెరువులోనో వాగులోనో దింపి తోముతారు. కత్తిరించిన ఉన్నిని మొదట రంగును బట్టి వేరుచేయాలి: నల్లనిది, బూడిదరంగుది, తెల్లనిది. పిమ్మట మెత్తదనాన్ని బట్టి విడదీయాలి. వీపుమీది బొచ్చు ఒక తీరు, కాళ్ళమీదిది మరొక తీరు. ఆ తరువాత పల్లేరుకాయలు, ముళ్ళు, ఎండుగడ్డి, పెంట ఏరివేయాలి. చిక్కుపడిన ఉన్నిని వేళ్ళతో పోగుపోగుగా విడదీసి, గాలి చొరబడేటట్లు చేయాలి. అప్పుడు విల్లునారిని ఉన్నిలో వుంచి మీటుతూ ఏకుతారు. నారి అదురుకు దుమ్ము రాలి, పోగులు ఒక్కొక్కటే లేచి, నురుగువలె పొంగుతాయి. దానిని చుట్టి ఏకులు చేసిన తరువాతనే రాట్నానికి పని వస్తుంది.

ఇందులో కష్టమే కాదు, నిర్ణయం కూడ వున్నది. ఉన్నికి సహజంగా జిడ్డు వుంటుంది. అది అంతా నిలిస్తే దుమ్ము పట్టి ఉన్ని ఏకుడుకు లొంగదు. అంతా పోతే పోగు పెళుసెక్కుతుంది, గొంగళి వానకు ఓర్చుకోలేదు. ఎంత పోవాలో, ఎంత నిలవాలో చెప్పేది వేళ్ళే. ఏ రెండు గొర్రెల బొచ్చూ ఒకటిగా వుండదు. ఒకే గొర్రె బొచ్చు కూడ వానకాలంలో ఒక తీరు, వేసవిలో ఒక తీరు. కనుక ఇక్కడ నిన్నటి నిర్ణయం నేటికి పనికిరాదు. ఏకులో దాగిన ముడి కదురు దగ్గర తెగుతుంది. తెగినచోట అతికిన పోగు మగ్గం మీద మళ్ళీ తెగుతుంది. ముందటి పనిలో జరిగిన తప్పును వెనుకటి పని దిద్దలేదు. గొంగళిలో కూర్చుని తింటూ వెంట్రుకలు ఏరినట్లు అని తెలుగువారు వ్యర్థప్రయాసను హాస్యంగా చెప్పుకుంటారు. ఆ గొంగళి పుట్టటానికి ముందు నిజంగానే ఎవరో కూర్చుని వెంట్రుకలు ఏరినారని ఆ సామెత చెప్పదు.

ఈ పని నెమ్మదైనది, దుమ్ము రేగేది, ఒకే కదలికను వేలసార్లు చేయించేది. అందువల్లనే అనేక సమాజాలు దీనిని తాము నిర్బంధించగలిగిన వారికి అప్పగించినాయి. ఇంట్లో అది ముసలివారి పని, ఆడవారి పని ఐనది. దానికి వేరే కూలి లేదు. ఊరిలో అది ఒక కులానికి పేరుగా అతుక్కున్నది. దూదేకులవారి పేరు వారి పూర్వుల వృత్తినుండే వచ్చినది. ఇంగ్లండులో అది పేదల ఆశ్రమాలకూ జైళ్ళకూ పోయినది. పాత ఓడతాళ్ళను గోళ్ళతో విప్పి పీచుగా చేయటం అక్కడి ఖైదీల నిత్యకృత్యం. 1895లో రెండేండ్ల కఠినశిక్ష పడిన ఆస్కార్ వైల్డు కూడ ఆ తాళ్ళను విప్పినవాడే. పీచు తయారుచేయటం ఒక కళ ఎట్లా ఐనదో, అదే ఒక దండన ఎట్లా ఐనదో విచారించటం అందువల్ల అవసరం. ఇంత మంది మనుష్యుల జీవితాలు గడిచిపోయిన పనిని గురించి నీతిశాస్త్రం మౌనంగా వుండరాదు.

ఈ విచారణకు తగిన స్థలం ఒకటి బంగాళాఖాతంలో వున్నది. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిరు పట్టణాన్ని ఆనుకొని మిన్నీ బే అనే చిన్న అఖాతం కలదు. దానికి సమీపాన జంగ్లీఘాట్‌లో చేపలు దిగుతాయి. ఆ పరిసరాలలో తెలుగు మాట వినిపించటం వింత కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా కలవారు. వారిలో అనేకులు శ్రీకాకుళం, విశాఖపట్టణం తీరాలనుండి బ్రతుకుతెరువుకై సముద్రం దాటినవారి సంతతి. గొర్రె ఆ దీవులకు సహజమైన జంతువు కాదు. ఉన్ని అక్కడ అక్కరలేదు. కాని అక్కడ కొబ్బరిపీచు వున్నది. ఆ పీచుకు ఒక చరిత్ర వున్నది.

1858 మార్చిలో ఆంగ్లప్రభుత్వం అక్కడ ఖైదీల వలసను స్థాపించినది. 1896లో ప్రారంభించి 1906 నాటికి సెల్యులర్ జైలు కట్టించినది. నడుమ ఒక గోపురం, దానినుండి చక్రపు ఆకులవలె 7 రెక్కలు, ఒక్కొక్క ఖైదీకి ఒక్కొక్క గది. రాట్నాన్ని పోలిన ఆ కట్టడంలో నూలు వడకలేదు. నూనె గానుగ ఆడించినారు. కొబ్బరినూనె ఐతే దినానికి 30 పౌన్లు తీయవలెను. గానుగకు పోనివారు పీచు దంచినారు. అలీపూరు కుట్రకేసులో శిక్షపడి 1909లో అక్కడికి చేరిన బారీంద్రకుమార ఘోష్ తన ప్రవాసకథలో ఆ పనిని వర్ణించినాడు. ఒక్కొక్కరికి 20 కొబ్బరికాయల ఎండు డొక్కలు ఇస్తారు. వాటిని కొయ్యమీద పెట్టి కొయ్యసుత్తితో మెత్తబడేదాకా మోదాలి. పైతోలు ఊడదీసి, నీటిలో తడిపి మళ్ళీ దంచాలి. పొట్టు రాలి పీచు మాత్రం మిగిలిన తరువాత దానిని ఎండబెట్టి శుభ్రం చేయాలి. సాయంకాలానికి ఒక సేరు పీచు చుట్ట అప్పగించాలి. తక్కువైతే శిక్ష. ప్రక్కవానితో మాటాడితే శిక్ష. అక్కడ పీచు మాత్రమే కాక కలబందవంటి ఒక మొక్క ఆకును దంచి నార తీసే పని కూడ వుండేది. దాని రసం తగిలితే చర్మం మండేది. ఆ జైలులోనే 1912లో ఇందుభూషణ్ రాయ్ అనే యువకుడు ఉరివేసుకొని మరణించినాడు. 1922–24 నాటి మన్యపు తిరుగుబాటులో శిక్షపడిన వారిలో కొందరిని కూడ ఆ దీవులకే పంపినారు. తెలుగులో ఏకు మేకైనదని అంటారు. ఆ మాట ఇంతకంటె సార్థకమైన చోటు మరొకటి వుండదు.

ఇప్పుడు ప్రశ్న ఇది. కురుమ ఇంటిలో ఉన్నిని విడదీసే చేతులు, జైలులో పీచును విడదీసే చేతులు చేసే పని రూపంలో ఇంచుమించు ఒకటే. తడపటం, దులపటం, ఏరటం, విడదీయటం, ఎండబెట్టటం. ఒకచోట దాని చివర మనిషి నిలిచినాడు. మరొకచోట మనిషి కూలినాడు. భేదం ఎక్కడ వున్నది?

ప్రయోజనంలో వున్నదని మొదట తోస్తుంది. ఫలం లేని పని మనిషిని చంపుతుందన్న మాట నిజం. 1850 నుండి 1854 వరకు ఓంస్కు జైలులో వున్న దోస్తోయెవ్‌స్కీ ఈ సంగతిని గుర్తించినాడు. ఒక తొట్టిలోని నీరు మరొక తొట్టిలోకి, అక్కడినుండి మళ్ళీ మొదటి దానిలోకి పోయించితే ఎంతటి ఖైదీ ఐనా కొద్దిదినాలలో ప్రాణం తీసుకుంటాడని అతని అభిప్రాయం. కాని అండమానులో దంచిన పీచు నిష్ఫలం కాలేదు. దానినుండి తాడు వచ్చినది. ఆ తాడు సరుకుగా పనికివచ్చినది. ప్రయోజనమున్న పని సైతం దండన కాగలిగినది. కనుక ప్రయోజనం ఒక్కటే గీటురాయి కాదు.

పని భారంలో వున్నదా భేదం? అదీ కాదు. దోస్తోయెవ్‌స్కీయే మరొక సూక్ష్మాన్ని చెప్పినాడు: రైతు ఖైదీకంటె ఎక్కువ పని చేస్తాడు, వేసవిలో రాత్రులు కూడ చేస్తాడు, ఐనా జైలుపని కఠినమనిపించేది నిర్బంధంవల్ల. దక్కనీ కాపరి కుటుంబంలో ఏకుడు పని చేసిన స్త్రీ పొద్దుగూకేదాకా దుమ్ములో కూర్చున్నది. ఆమె వేళ్ళు కూడ పగిలినాయి. కష్టంలో తక్కువ ఎక్కువలు లెక్కవేస్తే సమాధానం దొరకదు.

అట్లైతే స్వేచ్ఛలో వున్నదనాలి. దీనికి ప్రసిద్ధమైన నిదర్శనం ఎరవాడ జైలు. 1922 మార్చిలో గాంధీజీకి ఆరేండ్ల సాధారణ శిక్ష పడినది. సాధారణ శిక్ష పడినవానిని పని చేయించే అధికారం జైలుకు లేదు. ఐనా ఆయన అక్కడ దూది ఏకినాడు, నూలు వడికినాడు. అనారోగ్యంతో 1924 ఫిబ్రవరిలో విడుదల ఐనదాకా ఆయనకు అది దినచర్య. దండనగా విధించని పనిని ఆయన వ్రతంగా స్వీకరించినాడు. రెండు జైళ్ళలోనూ గోడలు వున్నాయి, పీచు వున్నది, చేతులు వున్నాయి. ఒకచోట పనిని ఖైదీ మీద విధించినారు. మరొకచోట ఖైదీ పనిని తనకు తానే విధించుకున్నాడు.

కాని ఈ సమాధానం అందంగా వుండటంవల్లనే దీనిని అనుమానించాలి. అందరూ వ్రతంగా ఏకరు. కురుమ ఇంటిలో పుట్టిన పిల్ల ఏకుడును ఎన్నుకోలేదు. ఆకలి, కులం, ఇల్లు కలిసి ఆమెకు దానిని ఎన్నినాయి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్ననూలు వడికే స్త్రీలు కొండపత్తిని వాలుగచేప దవడ ఎముకతో దువ్వి, పోగులను శుభ్రం చేసి, వరుసకు తెస్తారు. దంతాలవంటి ఆ సూక్ష్మమైన పళ్ళకు సాటి ఐన పరికరం వారికి మరొకటి దొరకలేదు. దేశమంతా మెచ్చుకున్న ఆ ఖాదీ వెనుక వున్న చేతులు కూడ పేదరికానికి లోబడినవే. జైలరు లేకపోయినంత మాత్రాన నిర్బంధం లేదనటం సుఖంగా వున్నవారి వాదం. పేదరికం కూడ దినానికి ఇంత అని తూచి అడుగుతుంది.

ఈ చిక్కును ఇద్దరు మహనీయులు బహిరంగంగా చర్చించినారు. 1925 సెప్టెంబరు ‘మాడరన్ రివ్యూ’లో రవీంద్రనాథ ఠాకూరు చరఖా సంప్రదాయాన్ని విమర్శించినాడు. ఒకే కదలికను అందరూ అవిచారంగా చేయటం మనస్సును మందగింపజేస్తుందనీ, మనిషిని తేనెటీగలతో సమానం చేస్తుందనీ ఆయన భయం. అదే సంవత్సరం నవంబరులో ‘యంగ్ ఇండియా’లో గాంధీజీ సమాధానమిచ్చినాడు. కవి కవిత్వం మానవలెననిగాని, వైద్యుడు వైద్యం మానవలెననిగాని తాను కోరలేదనీ, దినానికి అరగంట అడిగినాననీ, పనిలేక పస్తులున్న కోట్ల జనానికి రాట్నం అన్నం చూపుతుందనీ ఆయన వాదం. ఇద్దరూ సత్యమే చెప్పినారు. కాని ఇద్దరి కళ్ళ ముందూ వున్న మనిషి ఒకడు కాడు. ఠాకూరు చూచినది పని పేరిట బుద్ధిని అప్పగించే మనిషిని. గాంధీజీ చూచినది బుద్ధి వున్నా చేయటానికి పని లేని మనిషిని. అండమాను ఖైదీ విషయంలో ఠాకూరు భయం అక్షరాలా నిజమైనది. అక్కడ మాట, ఆలోచన, విశ్రాంతి అన్నీ సుత్తి దెబ్బకు అడ్డంగా భావించబడినాయి. పొందూరు స్త్రీ విషయంలో అది సగమే నిజం. చేప దవడ పట్టిన చెయ్యి ప్రతి పోగు దగ్గరా ఆలోచిస్తూనే వుంటుంది.

ఇక్కడ ఒక దారి కనిపిస్తుంది. పనిని ఎన్నుకొనే స్వేచ్ఛ లోకంలో కొద్దిమందికే దొరికినది. కాని పనిలోపల వుండే స్వేచ్ఛ వేరొకటి వున్నది. దానికి మూడు గుర్తులు చెప్పవచ్చును.

మొదటిది నిర్ణయాధికారం. ఉన్నిని ఏరే మనిషి ఇది పనికివస్తుంది, ఇది రాదు అని తేల్చగలడు. తేల్చిన దానికి తానే బాధ్యుడు. జైలులో తూనిక ఒక్కటే తీర్పరి. సేరు నిండినదా లేదా అన్నదే ప్రశ్న. పీచు మంచిదా కాదా అని ఖైదీని అడిగినవారు లేరు. తన తప్పును తాను తెలుసుకొనే అవకాశం లేని పని మనిషిని పిల్లవానిగా కూడ కాదు, పనిముట్టుగా చేస్తుంది. సుత్తికి తప్పు వుండదు, గౌరవమూ వుండదు.

రెండవది ఫలజ్ఞానం. ఏకిన ఉన్ని ఏ భుజాలమీద పడుతుందో ఆ ఇంటివారికి తెలుసు. వానలో మంద వెంట తిరిగే కొడుకో, చలికి వణికే తండ్రో కళ్ళ ముందు వుంటారు. దూరపు ఊరివాడు కొన్నా అతడు కాపరి అనీ, అతని రాత్రి ఎట్లా వుంటుందో అనీ ఊహించటం కష్టం కాదు. అండమానులో పేనిన తాడు ఎవరిని కట్టివేసినదో, ఏ పడవను ఒడ్డుకు చేర్చినదో ఖైదీకి తెలియదు. అతని శ్రమ లోకంలోకి పోయినది. లోకంనుండి అతనికి ఏ కబురూ రాలేదు.

మూడవది భాగం. పని చేసినవానికి ఫలంలో వాటా వుండాలి. అది కూలి కావచ్చును, ధాన్యం కావచ్చును, మర్యాద కావచ్చును. మూడూ లేనిచోట వున్నది దండనే, దానికి ఏ పేరు పెట్టినా.

అండమాను దీవులలోనే ఈ మూడు గుర్తులూ కలిసిన పని జైలుకంటె ఎంతో పూర్వం నుండి వున్నది. ఆ దీవుల ఆదివాసులు అడవితీగల పట్టను గవ్వజాతి చిప్పల అంచుతో గీకి, గుజ్జు పోగొట్టి, నార తీసి, ఆరబెట్టి, చేతితో పేనుకొనేవారు. విల్లునారి అట్లా వచ్చినది; వలలకూ బుట్టలకూ త్రాళ్ళు అట్లా వచ్చినాయి. నార సరిగా గీకకపోతే వేటవేళ నారి తెగుతుంది. తెగితే ఆ పూట ఆకలి గీకినవానిదే. అక్కడ తూచేవాడు లేడు, అప్పగించుకొనేవాడు లేడు. నాగరికత పేరిట ఆ దీవులమీద దిగినవారు పీచు పనిని కొత్తగా నేర్పలేదు. ఎప్పటినుండో వున్న పనిలోనుంచి నిర్ణయాన్నీ, ఫలజ్ఞానాన్నీ, భాగాన్నీ తీసివేసి, మిగిలిన కదలికను శిక్ష అన్నారు.

ఐతే ఈ మూడు గుర్తులను జైలుకు మాత్రమే పట్టి చూడటం న్యాయం కాదు. 1933లో ఆ జైలులో జరిగిన నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహిత్ మైత్ర, మోహన్ కిశోర్ నామదాస్ ప్రాణాలు కోల్పోయినారు. 1937లో మరొక దీక్ష జరిగినది. ఆ తరువాత రాజకీయ ఖైదీలను స్వదేశానికి తెచ్చినారు. 1979లో ఆ కట్టడం జాతీయ స్మారకమైనది. జైలు ముగిసినది. కాని పీచు తయారుచేసేవాని శ్రమను తూనికతో మాత్రమే కొలవటం ముగిసినదా?

దక్కనీ ఉన్ని సంగతి చూస్తే సందేహం కలుగుతుంది. మిల్లు రగ్గులు చవుకగా వచ్చిన తరువాత గొంగళికి గిరాకి తగ్గినది. గొర్రెను మాంసం కొరకే పెంచటం బలపడి, ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు నల్లని దక్కనీ మందల స్థానంలోకి వచ్చినాయి. కత్తిరింపు కూలికి కూడ ధర సరిపోని చోట బొచ్చును పారవేస్తున్నారు. వానకు తట్టుకొని, చలికి కాపుదలనిచ్చే వస్తువుకు అవసరం పోయినదని ఎవరూ చెప్పలేరు. దానిని ఏరి, విడదీసి, ఏకే చేతులకు ఇవ్వవలసినది ఇవ్వటానికి కొనేవారు సిద్ధంగా లేరు, అంతే. బజారులో గొంగళిని బరువుతోనూ ధరతోనూ చూచేవాడు సేరు పీచు అడిగినవానికి దూరపు చుట్టమే ఔతాడు. అతనికి క్రూరత్వం లేదు, తెలియకపోవటం వున్నది. నిర్బంధించేవాడు చేసిన పనిని తెలియనివాడు నెమ్మదిగా చేయగలడు.

ఇందుకు విరుగుడు చేతిపనిని పొగడటం కాదు. పొగడ్త చవుక. పండుగనాడు గొంగళి కప్పుకొని ఛాయాచిత్రం తీయించుకోవటంవల్ల ఏకే ముసలామె ఇంటికి గింజలు రావు. ఏకే పనిని ఆమె మనుమరాలు కూడ చేసి తీరవలెనని బోధించటం మరీ అన్యాయం. అది నిర్బంధానికి సంప్రదాయమనే గొంగళి కప్పటమే. మనుమరాలు బడికి పోయి, వేరే వృత్తి పట్టి, ఆ పని మానివేస్తే ఆమె ఏ ధర్మమూ తప్పలేదు. ఆమె దానిలో నిలవటానికి తగిన కూలీ మర్యాదా లేనందువల్ల మానివేస్తే మాత్రం తప్పు కొనేవారిది. చేసేవారు మానగలిగిన స్థితిలో వుండి కూడ మానకుండా చేసినప్పుడే ఆ పనికి కళ అనే పేరు తగుతుంది.

కనుక వస్త్రాన్ని ధరించేవానికి ఒక చిన్న విధి వున్నది. కొనేటప్పుడు నేసినదెవరని అడిగేవారు ఇప్పటికే కొందరు వున్నారు. వడికినదెవరని అడిగేవారు ఇంకా తక్కువ. ఏరినదెవరు, దానికి వారికి ఏమి ముట్టినది అని కూడ అడగాలి. సమాధానం దొరకకపోవచ్చును. ఐనా ఆ ప్రశ్న అడగబడినచోట ధరలో ఆ చేతులకు ఒక గడి ఏర్పడుతుంది. అడగనిచోట ఆ గడి ఖాళీగా కూడ వుండదు, అసలే వుండదు.

మిన్నీ బే ఒడ్డున ఇప్పుడు పడవలకు కట్టే తాళ్ళు ఎక్కువభాగం నైలానువి. వాటికి ఏరటం లేదు, దంచటం లేదు. శ్రీకాకుళపు తీరంనుండి వచ్చినవారి మనుమలు ఆ తాళ్ళతోనే వలలు లాగుతున్నారు. వారు పట్టిన చేపను కూడ ఎవరో తూచి, ఎవరో ధర కట్టి, ఎక్కడికో పంపుతారు. పీచు మారినది, చేతులు మారినాయి. తూచేవాడు ఆ చేతులను అడగవలసిన మూడు ప్రశ్నలు మారలేదు: ఈ పనిలో మంచిచెడ్డలు నిర్ణయించేది నీవేనా? ఇది ఎవరికి చేరుతుందో నీకు తెలుసునా? దీనిలో నీ పాలు నీకు అందినదా?